కెమెరా ముందా, సముద్రం ముందా?

ప్రశ్న: మాది హనుమకొండ. కాకతీయ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను. జీతం 24 వేలు. ఇంట్లో 10 వేలు ఇస్తాను. దాచుకున్నది 2.6 లక్షలు. సముద్ర జీవుల సంరక్షణ రంగంలోకి వెళ్లాలని ఉంది. అందుకు ముందు నలుగురిలో పేరు తెచ్చుకోవాలంటున్నారు. 1.4 లక్షల కెమెరాను ఏడాది వాయిదాలపై కొని, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు పెంచే ఏజెన్సీకి నెలకు 15 వేల చొప్పున ఆరు నెలలు ఇవ్వాలనుకుంటున్నాను. సబబేనా?

జవాబు: ఏజెన్సీ వద్దు. ఆరు నెలలకు 90 వేలు పోసినా వాళ్లు పెంచేది చూసేవాళ్ల సంఖ్యనే. మీకు పని ఇవ్వాల్సిన శాస్త్రవేత్తలు, సంస్థలవాళ్లు వెతికేది మరొకటి: ఏ తీరంలో, ఏ కాలంలో, ఎవరి దగ్గర పనిచేశారు, ఏం నమోదు చేశారు. అది ఇంకా మీ దగ్గర లేదు.

ఇక కెమెరా. వడ్డీ లేదనుకున్నా నెల వాయిదా దాదాపు 11,700. ఇంట్లో ఇచ్చాక మీకు మిగిలేది 14 వేలు. వాయిదా పోను 2,300 రూపాయలతో బస్సు ఛార్జీలు, ఫోను రీచార్జి, టిఫిను అన్నీ గడవాలి. ఏజెన్సీ డబ్బు పొదుపులోంచే పోతుంది. రెండు నెలలు జీతం ఆలస్యమైతే వాయిదాలూ అందులోంచే కట్టాలి.

ముందుగా 90 వేలు బ్యాంకు డిపాజిట్‌లో పక్కన పెట్టండి. ఇంటికిచ్చే 10 వేలు, మీ సొంత ఖర్చు 5 వేలు కలిపితే అది ఆరు నెలలకు సరిపోతుంది. దాన్ని ముట్టుకోవద్దు. మిగిలే 1.7 లక్షల్లోంచి 45 వేలు వేసవికి కేటాయించండి.

ఎందుకు వేసవి? ఆలివ్ రిడ్లీ తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా మన తూర్పు తీరంలో ఎక్కువగా గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అంటే మార్చిలో పెట్టిన గుడ్లు ఏప్రిల్, మే నెలల్లో పొదుగుతాయి. సరిగ్గా మీ సెలవులు! వరంగల్‌లో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. అక్కడ అటవీశాఖ నడిపే హేచరీల్లో (గుడ్లను కాపాడి పొదిగించే చోట్ల) స్వచ్ఛందంగా పనిచేస్తానని జనవరిలోనే ఉత్తరం రాయండి. గది, తిండి, రైలు ఛార్జీలు ఆ 45 వేలల్లో సర్దుకుంటాయి. ఈత వచ్చో రాదో మీరు రాయలేదు. రాకపోతే ఈలోగా నేర్చుకోండి. కెమెరా కన్నా చవక.

అక్కడ రోజూ గూటి లోతు, గుడ్ల సంఖ్య, ఇసుక ఉష్ణోగ్రత పుస్తకంలో రాసుకోండి. ఇసుక వేడి పెరిగేకొద్దీ ఆడ తాబేలు పిల్లలు ఎక్కువ పుడతాయన్న సంగతిని, మీ పట్టికను చూపిస్తూ ఫోనుతోనే తెలుగులో రెండు నిమిషాలు చెప్పండి. తరగతి గదిలో రోజూ చేస్తున్న పనే కదా. తాబేలు పిల్లను అరచేతిలో పెట్టుకుని ఫొటో మాత్రం దిగకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది. అలాంటి ఫొటో చూసిన అధికారి మిమ్మల్ని మళ్లీ పిలవడు. రాత్రిపూట ఫ్లాష్ కూడా వద్దు, పిల్లలు వెలుగును బట్టే సముద్రం వైపు నడుస్తాయి.

పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే నెట్ పరీక్షకు పెట్టే ఖర్చుకు మాత్రం వెనకాడవద్దు. ఆ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే నెలకు 37 వేలు, ఇప్పటి జీతం కన్నా 13 వేలు ఎక్కువ. సముద్రం లేని తెలంగాణలోనే, హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఉంది. దాని ప్రాజెక్టు ఉద్యోగ ప్రకటనలు గమనిస్తూ ఉండండి.

రేపు పేరు వచ్చి, ఏదైనా కంపెనీ కెమెరాను ఉచితంగా ఇస్తే సంతోషమే. కానీ ఒకే కంపెనీ ఏడాదిలో ఇచ్చిన వాటి విలువ 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) వర్తిస్తుంది, ఆ విలువను మీ ఆదాయంలో చూపాలి. వాడి తిరిగి ఇచ్చేస్తే ఆ బెడద ఉండదు.