హార్న్ వాయిస్తాడు, సంగీతం రాస్తాడు... ఈ దారిలో బతుకుతెరువు ఉందా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. అక్కడే పుట్టిన మా అబ్బాయి ఇప్పుడు 11వ గ్రేడ్. ఆరో గ్రేడ్ నుంచి స్కూల్ బ్యాండ్‌లో ఫ్రెంచ్ హార్న్ (ఇత్తడితో చేసిన ఊదే వాద్యం) వాయిస్తున్నాడు. ఈమధ్య ఫ్రెండ్స్ బ్రాస్ క్వింటెట్ (ఐదుగురు ఇత్తడి వాద్యకారుల జట్టు) కోసం సొంతంగా పీసులు కూడా రాస్తున్నాడు. కాలేజీలో ఇదే చదువుతానంటున్నాడు. మేం కంప్యూటర్ సైన్స్ అనుకున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం న్యాయమైనదే. ఆర్కెస్ట్రాలో హార్న్ వాద్యకారులు మామూలుగా నలుగురైదుగురే ఉంటారు. కుదురుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి కదలరు. ఎప్పుడో ఒక ఖాళీ వస్తే దేశం నలుమూలల నుంచి సొంత ఖర్చులతో ఆడిషన్‌కు వస్తారు. మొదటి రౌండ్లలో తెర వెనుక నుంచి వాయించాలి. చైకోవ్‌స్కీ ఐదో సింఫనీలోని సోలో లాంటి భాగాలు అడుగుతారు. ఆ ఉద్యోగం ఒక్కటే నమ్ముకుంటే నేనూ వద్దనే చెప్పేదాన్ని.

కానీ మీ అబ్బాయి రాస్తున్నాడు కూడా. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ మాటే. బ్రాస్ క్వింటెట్‌లో రెండు ట్రంపెట్లు, హార్న్, ట్రాంబోన్, ట్యూబా ఉంటాయి. వుడ్‌విండ్ క్వింటెట్‌లో ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్‌ల పక్కన మళ్ళీ హార్నే. రెండు చోట్లా స్థానం ఉన్నది దీనికొక్కదానికే. అంటే రాసింది వెంటనే వాయించి చూసుకునే అవకాశం అతనికి రెండింతలు. పియానో దగ్గర కూర్చుని రాసేవాళ్ళు చాలాసార్లు హార్న్‌కు విరామం లేకుండా పేజీలకు పేజీలు రాసేస్తారు, సగం దూరం వచ్చేసరికి వాయించేవాడి పెదవులు పట్టు తప్పుతాయి. ఎక్కడ నాలుగు బార్లు (తాళ ఆవర్తాలు) ఆపాలో మీ వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అలా రాసిన పీసుల్నే వాద్యకారులు మళ్ళీ మళ్ళీ ఎంచుకుంటారు.

మీ రాష్ట్రంవాడే, శాన్ ఆంటోనియోలో పుట్టిన కెర్రీ టర్నర్‌ని చూడండి. లక్సెంబర్గ్ ఫిల్హార్మోనిక్‌లో హార్న్ వాయిస్తూ, నలుగురు హార్న్ వాద్యకారుల అమెరికన్ హార్న్ క్వార్టెట్‌లో తన జట్టు కోసమే రాశాడు. ఇవాళ అతను రాసిన ఆ పీసుల్ని ఎన్నో దేశాల్లో వాయిస్తున్నారు. గుంతర్ షుల్లర్ 17 ఏళ్ళకే సిన్సినాటి సింఫనీ ఆర్కెస్ట్రాలో ప్రిన్సిపల్ హార్న్, అంటే హార్న్ విభాగానికి ప్రధాన వాద్యకారుడు. 1959 వరకు మెట్రొపాలిటన్ ఒపెరా ఆర్కెస్ట్రాలో వాయించాడు, 1994లో స్వరరచనకు పులిట్జర్ అందుకున్నాడు. ఇద్దరికీ తొలి జీతం ఇచ్చింది హార్నే అన్నది గమనించండి. చాంబర్ మ్యూజిక్ (ఇలాంటి చిన్న జట్ల సంగీతం) రాయడం వల్ల వచ్చే కమిషన్లు (కొత్త పీసు రాయించుకుని ఇచ్చే డబ్బు), రాయల్టీలతోనే ఇల్లు గడిచేవాళ్ళు చాలా తక్కువ.

అందుకని నా సలహా: ప్రధాన సబ్జెక్టుగా హార్న్, పక్కన కంపోజిషన్ పాఠాలు. మీకు దగ్గర్లోనే డెంటన్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ ఉంది. పేరున్న మ్యూజిక్ కాలేజీ, పైగా మీకు ఇన్-స్టేట్ ఫీజు (రాష్ట్రవాసులకు ఉండే తక్కువ ఫీజు). స్థిరమైన జీతం ముఖ్యమనుకుంటే మ్యూజిక్ ఎడ్యుకేషన్ డిగ్రీ చేయించండి. టెక్సస్ స్కూళ్ళలో బ్యాండ్ డైరెక్టర్ అంటే జీతం, ఇన్సూరెన్స్ ఉన్న ఉద్యోగం. దాన్ని తక్కువగా చూడకండి. కంప్యూటర్ సైన్స్ వదలలేమంటే ఓబర్లిన్, నార్త్‌వెస్టర్న్‌లలో ఐదేళ్ళ డబుల్ డిగ్రీలున్నాయి. రోజూ గంటల కొద్దీ సాధన, దాని మీద ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్లు. పిల్లవాడే గట్టిగా కోరుకుంటే తప్ప నేను ఆ దారి చెప్పను.

ఇది చదివే ఇతర తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలు హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉంటే 21 ఏళ్ళకు ఆ స్టేటస్ పోతుంది. ఫ్రీలాన్స్ సంగీతానికి వర్క్ వీసా దొరకడం కష్టం. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి.

మీ అబ్బాయి స్థాయి తెలుసుకోవడానికి ఊహలు అక్కర్లేదు. టెక్సస్ స్కూల్ బ్యాండ్ పిల్లలకు మెట్టు మెట్టుగా జరిగే రీజియన్, ఏరియా, ఆల్-స్టేట్ ఆడిషన్లలో ఎక్కడిదాకా వెళ్ళాడో చూడండి. యూనివర్సిటీ హార్న్ ప్రొఫెసర్‌తో ఒక పాఠం ఏర్పాటు చేసి, నిర్మొహమాటంగా చెప్పమనండి. చాలా కాలేజీలు 12వ గ్రేడ్ డిసెంబర్ మొదటికల్లా ప్రీ-స్క్రీనింగ్ రికార్డింగులు (ఆడిషన్‌కు పిలవాలో లేదో తేల్చుకోవడానికి వినేవి) అడుగుతాయి కాబట్టి, క్వింటెట్ పీసుల్ని ఈ వేసవిలోనే మంచి హాల్లో రికార్డు చేయించండి. ఇంకొకటి: అతను వాయిస్తున్నది స్కూలు హార్న్ అయితే గ్రాడ్యుయేషన్‌కు తిరిగి ఇచ్చేయాలి. సొంత డబుల్ హార్న్‌కు (ఒకే వాద్యంలో రెండు శ్రుతుల గొట్టాలుండే రకం) కొన్ని వేల డాలర్లవుతుంది. పాతదైనా ఫర్వాలేదు, టీచర్ వాయించి చూడకుండా మాత్రం కొనకండి.