హోదా వేరు, 371-డి వేరు

ప్రశ్న: రావులపాలెంలో టీ కొట్టు దగ్గర రోజూ ఇదే గొడవండి. కశ్మీర్‌కి 370 తీసేశారు కదా, ఇక నాగాలాండ్‌కున్న 371-ఎ, మనకున్న 371-డి కూడా పోతాయని ఒకాయన. అసలు మనకి హోదా ఇచ్చిందెప్పుడు, తీసేయడానికి అని ఇంకొకాయన. ఒకే దేశంలో రాష్ట్రానికో రూల్ ఏమిటని మూడో ఆయన. మా అమ్మాయి గ్రూప్స్‌కి చదువుతోంది. లోకల్ కోటా పోతుందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్.
- ఒక తండ్రి, రావులపాలెం

జవాబు: ముందు మీ అమ్మాయిని ధైర్యంగా చదువుకోమనండి. ఉద్యోగాల్లో, చదువుల్లో లోకల్ కోటాకి ఆధారం రాజ్యాంగంలోని 371-డి అధికరణ. 370 పోయినంత మాత్రాన అది పోదు. 370 శీర్షికలోనే 'తాత్కాలిక' అని ఉంది, దాన్ని రాష్ట్రపతి ప్రకటనతో ఆపే దారి కూడా అందులోనే రాసి ఉంది, 2019లో కేంద్రం ఆ దారినే వెళ్లింది, 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు సరేనంది. 371-డిలో అలాంటి దారి లేదు. దాన్ని తీసేయాలంటే రాజ్యాంగ సవరణ కావాలి.

రెండో ఆయన అంటున్న ప్రత్యేక హోదా పూర్తిగా వేరే సంగతి, దాని పేరే రాజ్యాంగంలో లేదు. 1969లో మొదలైన నిధుల ఏర్పాటు అది, కొండలూ సరిహద్దులూ ఉన్న రాష్ట్రాలకి కేంద్ర సాయంలో 90 శాతం గ్రాంటుగా, 10 శాతం అప్పుగా ఇచ్చేవారు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ గారు ఐదేళ్లు ఇస్తామన్నది అదే. ఇవ్వలేదు. ఆ బాధ నాకూ ఉంది, కానీ ఆ కోపంలో చేతిలో ఉన్నదాన్ని మర్చిపోకూడదు.

371-డి ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం (కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి, మీ ఇంట్లో పెద్దవాళ్లనడగండి), ఆ తర్వాత 1973లో రాజీగా ఆరు సూత్రాల పథకం, దాన్నుంచి 371-డిని చేర్చిన రాజ్యాంగ 32వ సవరణ. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులో ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాలని కలిపి రెండో జోన్ చేశారు, జిల్లా స్థాయి గుమాస్తా ఉద్యోగాల్లో 80 శాతం స్థానికులకే ఉంచారు. రాష్ట్రం విడిపోయాక కూడా 371-డి రెండు రాష్ట్రాలకీ కొనసాగుతోంది.

ఇక రాష్ట్రానికో రూల్ ఎందుకంటే, మన పక్కనే చూడండి. రంపచోడవరం ఏజెన్సీలో మన డెల్టా రైతు ఎంత డబ్బు పెట్టినా గిరిజనుడి భూమి కొనలేడు, 1/70 చట్టం అడ్డుపడుతుంది. ఆ అడ్డు లేకపోతే ఆ కొండల్లో కోయ, కొండరెడ్డి కుటుంబాల చేతుల్లో ఈపాటికి ఎంత భూమి మిగిలేదో మనకి తెలీదా? నాగాలాండ్ 371-ఎ కూడా అలాంటిదే, ఇంకాస్త గట్టిది: భూమి, ఆచారాలు, సంప్రదాయ న్యాయం మీద పార్లమెంటు చట్టం చేసినా ఆ రాష్ట్ర అసెంబ్లీ తీర్మానిస్తేనే అక్కడ చెల్లుతుంది. 1960లో నాగా నాయకులతో ఒప్పందం చేసుకుని 1962లో రాజ్యాంగంలో రాసిన మాట అది. మాటిచ్చి ఒక రాష్ట్రాన్ని కలుపుకున్నాక అందరికీ ఒకే రూల్ అనడం నా దృష్టిలో అన్యాయం.

అమ్మాయి విషయంలో ఒక్క పని చేయండి. 1975 ఉత్తర్వు ప్రకారం పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. ఆ నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు స్కూలు నుంచి ఇప్పుడే తీసి పెట్టుకోండి.