లాంగ్ టర్మ్‌కి పంపే ముందు వాడి నిద్ర లెక్క చూడండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ బైపీసీ అయిపోయింది. ప్రీ ఫైనల్స్ అప్పుడు హాస్టల్లో ఫిట్స్ వచ్చాయి. జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ (టీనేజ్‌లో మొదలయ్యే ఒక రకం మూర్ఛ) అన్నారు. కాలేజీలో చెప్పలేదు, మాత్రలు విటమిన్ డబ్బాలో పోసి ఇచ్చాం. నీట్‌కి మళ్లీ హాస్టల్లోనే లాంగ్ టర్మ్ (ఏడాది కోచింగ్) పెట్టించాలా, బీఫార్మసీలో చేర్చాలా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, కోర్సు సంగతి తర్వాత. ముందు ఆ డబ్బా మార్చండి. వార్డెన్‌కీ రూమ్మేట్‌కీ తెలియకపోతే ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెడతారు, నోట్లో స్పూన్ దూరుస్తారు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలని, 5 నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరిగెత్తాలని వాళ్లకి ఎవరు చెప్పాలి? పరువు కోసం పిల్లవాణ్ణి ఒంటరిని చేశారు. కోపం తెచ్చుకోకండి, కానీ తప్పు మీదే.

ఈ రకం మూర్ఛకి నిద్ర చాలకపోవడం పెద్ద ట్రిగ్గర్. పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి బ్రష్షో, టీ గ్లాసో జారిపోతుంది. ‘ఒంటి మీద ధ్యాస లేదు’ అని మీరు తిట్టే ఉంటారు. ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) తీసేముందు కొన్నిసార్లు డాక్టర్లే రాత్రి మేలుకుని రమ్మంటారు, నిద్రలేని మెదడులో తేడా బయటపడుతుందని. పరీక్ష కోసం వాళ్లు ఒక్క రాత్రి చేయించే పనిని హాస్టల్ ఏడాదంతా చేయిస్తుంది. రాత్రి 11 దాకా స్టడీ అవర్స్, తెల్లారి 5కి బెల్లు. ఈ వయసుకి 8 గంటలైనా పడుకోవాలి. అలసిపోయినవాడు రాత్రి మాత్ర కూడా మర్చిపోతాడు.

అసలు లాంగ్ టర్మ్ మీదే నాకు నమ్మకం తక్కువ. అవే పుస్తకాలు, అవే వీక్లీ టెస్టులు, పక్కవాడి ర్యాంకు టెన్షన్. కొందరికి సీటు వస్తుంది, కాదనను. మీవాడు రాయాలనుకుంటే ఇంటి నుంచే, డే స్కాలర్‌గా, ఒక్కసారి రాయనివ్వండి. పదిన్నరకి లైటు ఆర్పేయాలి, ఆదివారమైనా సరే.

డాక్టర్ చదువు మూసుకుపోయిందని ఏడవకండి. ఈ జబ్బు చాలామందికి మందులతో బాగా అదుపులో ఉంటుంది. బాగానే ఉంది కదా అని సొంతంగా ఆపితే చాలావరకు తిరగబెడుతుంది. ఎంబీబీఎస్ చివర్లో వచ్చే హౌస్ సర్జన్ ఏడాది నైట్ డ్యూటీలు మాత్రం కష్టం, న్యూరాలజిస్ట్‌తో ముందే మాట్లాడండి. ఆ తర్వాత పీజీకి పాథాలజీ (ల్యాబ్‌లో పరీక్షలు చేసే విభాగం) లాంటి, నైట్ డ్యూటీలు తక్కువుండేవి ఉన్నాయి. బీఫార్మసీ సుఖమనీ అనుకోవద్దు, ప్లాంటులో ప్రొడక్షన్‌కి వెళ్తే అక్కడా నైట్ షిఫ్టులే.

ఇంత రాశారు గానీ, అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. ఈసారి వాణ్ణే రాయమనండి.