రెండున్నరేళ్ల పాపకు ఏ బొమ్మలు, ఏ పుస్తకాలు కొనాలి?

పుట్టినరోజుకు వచ్చిన బొమ్మల్లో సగం డబ్బాల మీద ‘3 ఏళ్లు పైబడిన వారికి’ అని ఉందని, మిగతా సగాన్ని పాప ముట్టుకోవడం లేదని, పుస్తకం ఇస్తే పేజీలు చింపుతోందని, బంధువులేమో అక్షరాలు నేర్పే బొమ్మ కొనమంటున్నారని రాశారు. మధ్యలో ఒక చిన్న వాక్యం కూడా రాసి వదిలేశారు: గుమ్మం దగ్గర చెప్పులన్నీ రోజూ వరుసగా పేరుస్తోందని. నాకు మీ ప్రశ్న మొత్తంలో ముఖ్యంగా కనిపించింది ఆ వాక్యమే. దాని దగ్గరికి వస్తాను, ముందు డబ్బా మీది అంకె సంగతి చెప్పనివ్వండి.

నాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయికి తొమ్మిదేళ్లు, అబ్బాయికి నాలుగున్నర. అమ్మాయికి డబ్బా మీది అంకె చూసి కొన్నాను. పైగా ఒక మెట్టు ఎక్కువే కొన్నాను, మా పిల్ల చురుకైనది కదా అని. ఆ అంకె తెలివికి సంబంధించినదని అప్పట్లో నా నమ్మకం. నిజానికి ‘3 ఏళ్లు పైబడిన వారికి’ అనేది ముఖ్యంగా గొంతుకు సంబంధించిన మాట. మూడేళ్లలోపు పిల్లలు దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి చిన్న భాగాలున్న బొమ్మలకు ఆ హెచ్చరిక వేస్తారు. బొమ్మలను పరీక్షించేచోట 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. అందులో పట్టేసే ముక్క ఏదైనా మూడేళ్లలోపు పిల్లలకు పనికిరాదు. ఇంట్లో అంచనాకు నీళ్ల సీసా మూత చూడండి, ఆ గొట్టం దానికంటే కాస్త వెడల్పు.

ఈ పాఠం నాకు చింతపిక్క నేర్పింది. మా అత్తగారు మనవరాలితో వామనగుంటలు ఆడుతుంటే పక్కన కూర్చున్న రెండేళ్ల వాడు ఒక పిక్క తీసి ముక్కులో పెట్టుకున్నాడు. డాక్టరు దాన్ని బయటికి తీసేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. పెద్ద పిల్లల ఆట చిన్నవాళ్లకు ఎంత దగ్గరలో ఉంటుందో కూడా చూసుకోవాలని అప్పుడు తెలిసింది. చిన్న గుండ్రటి బ్యాటరీలున్న బొమ్మలైతే ఇంట్లోకే రానివ్వకండి, లేదా మూతకు స్క్రూ ఉన్నవే తీసుకోండి. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగిందని అనుమానం వచ్చినా ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కొనేటప్పుడు చూడండి. భౌగోళిక గుర్తింపు ఉన్న హస్తకళల బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు కాబట్టి ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మల మీద ఆ గుర్తు లేకపోయినా కంగారుపడకండి. అయితే ఆ రెండూ ఒకటి కావు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ యంత్రం మీద తిప్పుతూ మలిచి, లక్కలో సహజమైన రంగులు కలిపి పూస్తారు. అంచులు నున్నగా, గుండ్రంగా ఉంటాయి, చేతికి హాయిగా ఉంటాయి. కొండపల్లి బొమ్మ తేలికైన తెల్లపొణికి కర్రతో ముక్కలు ముక్కలుగా చెక్కి అతికించినది. బొమ్మల కొలువులో దాన్ని మించింది లేదు కానీ పసివాళ్ల చేతికి అది తట్టుకోదు. మా ఇంట్లో అంబారీ ఏనుగుకు ఇప్పుడు ఒక చెవి లేదు. ఆ చెవి మా వాడి నోట్లో దొరికింది.

ఇక చెప్పుల సంగతి. రెండోవాడి విషయంలో నేను చేసింది ఒక్కటే: కొనడానికి ముందు వారం రోజులు వాడు ఎవరూ చెప్పకుండా పదేపదే ఏం చేస్తున్నాడో చూశాను. పదిహేను నెలలప్పుడు వాడి పని నింపడం, ఒంపడం. కందిపప్పు డబ్బా దొరికితే ఒంపేవాడు, నా చేతిసంచిలో ఉల్లిపాయలు నింపేవాడు. సరిగ్గా అప్పుడే మా తమ్ముడు ఒక బొమ్మ తెచ్చాడు. చతురస్రం, త్రిభుజం, వృత్తం, దేని కన్నంలో దాన్ని వేసే డబ్బా. వాడు మూత ఊడబీకి, ముక్కలన్నీ ఒకేసారి లోపల పోసి, మళ్లీ ఒంపి, ఎంతో సంతోషించాడు. తమ్ముడు చిన్నబోయాడు. నాకు మాత్రం విషయం అర్థమైంది. వాడి పనిని వాడు చేసుకుంటున్నాడు, ఆకారాల వేళ ఇంకా రాలేదు. ఏడాది తరువాత అదే డబ్బా ముందు అరగంట కదలకుండా కూర్చున్నాడు.

ఆ నింపే రోజుల్లో దుకాణం బొమ్మలేవీ మా అత్తగారి గిద్ద, సోల, తవ్వలకు సాటి రాలేదు. ఒకదానిలో ఒకటి పెట్టడం, తీయడం, బోర్లించి కొట్టడం, బియ్యం కొలవడం. తమాషా ఏమిటంటే, నాలుగు గిద్దలు పోస్తే సోల నిండుతుందని మా అమ్మాయి అయిదేళ్లప్పుడు కనిపెట్టింది కూడా వాటితోనే. వయసు మారినా పనికొచ్చే బొమ్మ అంటే నాకు ముందు అవే గుర్తొస్తాయి.

మీ పాప పేరుస్తోంది, వరుస పెడుతోంది. కాబట్టి పేర్చడానికి ఏదైనా ఇవ్వండి. రంగులూ బొమ్మలూ లేని మామూలు చెక్క దిమ్మలు ముప్పై నలభై ఉంటే చాలు. ఈ వయసులో అవి రైలు అవుతాయి, మూడేళ్లు దాటాక ఇల్లు అవుతాయి, అయిదేళ్లకు వంతెన అవుతాయి. ఉతికిన బట్టల్లో సాక్సులు జత చేయమనండి. స్టీలు డబ్బాలకు మూతలు వెతకమనండి. ఆమెకు అది ఆటే, మీకు కాస్త పని తగ్గుతుంది (తగ్గదు, కానీ అనుకోవచ్చు).

బొమ్మకు అన్నం పెడుతోందా? గరిటె చెవి దగ్గర పెట్టుకుని ఫోను మాట్లాడుతోందా? రెండేళ్ల తరువాత ఈ నటన ఆటలు బాగా పుంజుకుంటాయి. లక్కపిడతలు కొనాల్సిన సమయం ఇదే. మన అమ్మమ్మల గుజ్జనగూళ్ల ఆటను తక్కువగా చూడకండి. బంధువులు అక్షరాల గురించి అడిగితే నేను చెప్పే జవాబు కూడా ఇదే: గరిటెను ఫోను అనుకోగలిగిన పిల్లే రేపు ఒక వంకర గీతను ‘క’ అనుకుంటుంది. మా అమ్మాయికి రెండున్నరేళ్లకే గోడ మీద అక్షరాల పటం తగిలించి రోజూ వల్లె వేయించాను. ‘ఋ’ దగ్గర గడ్డం ఉన్న ముని బొమ్మ ఉండేది. పాలు పోసే తాతకు కూడా గడ్డమే. ఆయన వచ్చినప్పుడల్లా ‘ఋ వచ్చింది’ అని అరిచేది. అక్షరం రాలేదు, ముని మాత్రం వచ్చాడు. 2020 జాతీయ విద్యా విధానం సైతం 3 నుంచి 8 ఏళ్ల వరకు ఆటలతో నేర్పే పునాది దశగానే పెట్టింది. పెద్దవాళ్లతో వాదన వస్తే ఆ మాట పనికొస్తుంది.

మీట నొక్కితే మాట్లాడే బొమ్మ మాకూ ఒకటి వచ్చింది. దాంతో నాకు వచ్చిన చిక్కు ఏమిటంటే, అది మాట్లాడుతుంటే ఇంట్లో ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. పిల్ల ఒకే మీట నొక్కుతూ ఉండేది, నేను వంటింట్లో ఉండేదాన్ని. ఫోను, టీవీ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది సూటిగానే ఉంది: రెండేళ్లలోపు అసలు వద్దు, 2 నుంచి 4 ఏళ్ల వరకు రోజుకు గంట మించొద్దు, ఎంత తగ్గితే అంత మంచిది. జ్వరం వచ్చిన రోజు నేనూ దాన్ని పాటించలేదు.

పుస్తకం చింపడం గురించి బెంగ వద్దు. పేజీ తిప్పడానికి వేళ్లు ఇంకా పదును కాలేదు, పలుచని కాగితం చిరిగే చప్పుడు మహా సరదాగా ఉంటుంది. చింపడానికి పాత కాగితాలు వేరే ఇచ్చేయండి. చదవడానికి మందపాటి అట్టల పుస్తకాలు తీసుకోండి. తెలుగులో నాకు దొరికిన అట్టల పుస్తకాలు ఎక్కువగా పండ్లు, జంతువుల పేర్ల పట్టికలే, కథ ఉన్నవి తక్కువ. అందుకే మా వాడికి నేనే ఒకటి చేశాను. తాతయ్య, పక్కింటి కుక్క, వీధి చివర నీళ్ల ట్యాంకు, అన్నం తింటున్న వాడి సొంత మొహం. ఫోటోలు అచ్చు వేయించి, అట్టలకు అతికించి, పైన పారదర్శకమైన టేపు వేశాను. మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువసార్లు చదివిన పుస్తకం అది.

కథల పుస్తకాలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ చూడండి. తెలుగులో చాలా కథలు ఉచితంగా దొరుకుతాయి, స్థాయిలవారీగా ఉంటాయి. మీ పాపకు ఒకటో స్థాయి చాలు, పేజీకి ఒకటి రెండు వాక్యాలు. కొనాలంటే మంచి పుస్తకం ప్రచురణలు, నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు చవకగా వస్తాయి. అనువాదాల్లో తెలుగు ఒక్కోసారి బిగుసుకుపోయి ఉంటుంది. నేను దాన్ని మా ఇంటి మాటల్లోకి మార్చి చదివేదాన్ని. బొమ్మ చూపించి ‘ఇది ఏమిటి?’ అని అడిగి, అయిదారు క్షణాలు నోరు మూసుకుని ఆగండి. ఆ ఆగడమే నాకు కష్టమయ్యేది. ఒకే పుస్తకం నలభై సార్లు అడుగుతుంది, చదవండి. నిద్రమత్తులో ఒక పేజీ దాటేస్తే మా అమ్మాయి వెనక్కి తిప్పి చూపించేది.

గెలుపు ఓటములున్న ఆటలకు ఇప్పుడే తొందర లేదు. మా వాడు నాలుగేళ్లు నిండాక కూడా వైకుంఠపాళిలో పాము మీదుగా పైకి ఎక్కేవాడు, కాదంటే పటం విసిరేసేవాడు. దాగుడుమూతలు మాత్రం ఇప్పుడే ఆడండి. కళ్లు మూసుకుంటే తాను ఎవరికీ కనబడనని నమ్మే వయసు మళ్లీ రాదు.

ఉన్న బొమ్మల్లో ఆరేడు మాత్రం అందేలా ఉంచి, మిగతావి అటక ఎక్కించండి. రెండు మూడు వారాలకోసారి మార్చండి, పాతవే కొత్తగా కనిపిస్తాయి. ఆ మాట్లాడే బొమ్మను మాత్రం ఇచ్చిన బంధువులు వచ్చే రోజున గుర్తుపెట్టుకుని కిందికి దించండి.