ఉల్క పడిన చోటల్లా బంగారం ఉంటుందా?

ప్రశ్న: మా తాత కోలార్ గనుల్లో పనిచేశాడు, అందుకే మా ఇంట్లో బంగారం గనులంటే అందరికీ కాస్త పిచ్చి. ఇప్పుడు మా బావమరిది ఒక చిన్న విదేశీ కంపెనీ షేర్లు కొందామంటున్నాడు. వాళ్ల భూమి కింద పాత ఉల్కాబిలం ఉందట, దక్షిణాఫ్రికాలో బంగారం ఉల్క వల్లే వచ్చింది కాబట్టి అక్కడా ఉంటుందట. మూడు లక్షలు పెట్టమంటున్నాడు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, కుప్పం

జవాబు: మీ బావమరిది మాటలో సగం నిజముంది. జొహానెస్‌బర్గ్ దగ్గర విట్‌వాటర్స్‌రాండ్‌లో 1886లో బంగారం బయటపడింది, అక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, వ్రెడెఫోర్ట్ దగ్గర సుమారు 202 కోట్ల ఏళ్ల కిందట భారీ ఉల్క పడిన మాటా వాస్తవమే. కానీ ఆ పాటికే బంగారం అక్కడుంది! అంతకు ఎన్నో కోట్ల ఏళ్ల ముందే నదులు దాన్ని గులకరాళ్లతో పాటు మోసుకొచ్చి పొరలు పొరలుగా వేశాయని ఎక్కువమంది భూగర్భ శాస్త్రవేత్తలు అంటారు. ఉల్క దెబ్బకి ఆ పొరలు వంగి, కొన్నిచోట్ల తిరగబడి, లోపలికి దిగి, పైన రాళ్లూ మట్టీ కప్పుకున్నాయి. లేకపోతే వానకీ గాలికీ చాలా భాగం ఎప్పుడో కొట్టుకుపోయేది. దొంగల భయానికి నగలు పెరట్లో పాతిపెట్టినట్టన్నమాట. ఆ పాతిపెట్టినదాని కోసమే అక్కడ ఒక గనిలో దాదాపు 4 కిలోమీటర్ల లోతుకు దిగారు, రాయి 60 డిగ్రీలు దాటి కాలుతుంటే చల్లబరచడానికి పైనుంచి ఐసు పంపిస్తారు.

ఉల్క వల్లే ఖనిజం తయారైన చోటు కూడా ఉంది, కెనడాలోని సడ్‌బరీ. దెబ్బకి కరిగిపోయిన రాతిలోంచి లోహాలు విడిపోయి అడుగుకి దిగాయి. అయితే అక్కడ ముఖ్యంగా దొరికేది నికెల్, రాగి. బంగారం వాటితో పాటు కొద్దిగా వస్తుందంతే. మన మహారాష్ట్రలో లోణార్ ఉంది చూడండి, 1.8 కిలోమీటర్ల బిలం, లోపల ఉప్పునీటి చెరువు, బంగారం మాత్రం లేదు. ఇక మీ తాతగారి కోలార్‌కైతే ఉల్కతో సంబంధమే లేదు, పాత అగ్నిపర్వత శిలల పగుళ్లలోకి వేడి ద్రవాలు చేరి బంగారాన్ని వదిలిపెట్టాయి.

కాబట్టి ఉల్కాబిలం పేరు చెబితే కరిగిపోకండి. ఎన్ని బోర్లు వేశారు, టన్ను రాతికి ఎన్ని గ్రాములు వచ్చింది, ఆ పొర ఎంత మందం, పరీక్ష ఎవరు చేశారు, ఇవి అడగండి. 1997లో ఇండోనేషియాలోని బుసాంగ్ విషయంలో బ్రీ-ఎక్స్ అనే కెనడా కంపెనీ బండారం బయటపడింది, నమూనాల్లో బంగారం పొడి కలిపారని తేలేసరికి షేర్లు చిత్తుకాగితాలయ్యాయి. మోసం లేకపోయినా ఇలాంటి చిన్న కంపెనీలకి గని నుంచి ఆదాయం ఉండదు, ప్రతి కొత్త బోరుకీ కొత్త షేర్లు అమ్ముకోవాలి, అలా అమ్మినప్పుడల్లా మీ వాటా తగ్గిపోతూ ఉంటుంది.

పోయినా ఇంట్లో గొడవ రాని మొత్తం ఏదైనా ఉంటే అది వేరే సంగతి, మూడు లక్షలు మాత్రం వద్దు. ముందు ఆ బోర్ల ఫలితాలు తెమ్మనండి, తెస్తే మళ్లీ రాయండి, చూద్దాం.