ఆటల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా సీనియర్ ఒకరి దగ్గర చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రం సోనీ వీటా కొన్నాను. దానితో పాటు 'మురామసా రీబర్త్' అనే ఆట కార్డు కూడా ఇచ్చారు. పాత జపాన్‌లో కత్తి పట్టుకుని తిరుగుతూ ఎదురొచ్చిన వారినల్లా నరుక్కుంటూ పోవడమే ఆట. ఒకే బటన్ ఎడాపెడా నొక్కే దానికి నైపుణ్యం ఎందుకని స్నేహితులు తీసిపారేస్తున్నారు. నాకు మాత్రం చాలా నచ్చింది, కానీ ఎందుకు నచ్చిందో వారికి చెప్పలేకపోతున్నాను. ఇలాంటి ఆట మంచిదా కాదా అని దేనిని బట్టి తేల్చుకోవాలి?
– ఇంజనీరింగ్ విద్యార్థి, అనంతపురం

జవాబు: మీ స్నేహితుల మాటలో కొంత నిజముంది. తేలిక స్థాయిలో ఆడేటప్పుడు దాడి బటన్‌ను ఆపకుండా నొక్కుతూ పోయినా చాలావరకు గెలవవచ్చు. అయితే ఆ ఒక్క కారణంతో ఆటను తోసిపుచ్చడం న్యాయం కాదు. గుంపులను నరికే హ్యాక్ అండ్ స్లాష్ ఆట ఏదైనా సరే, నేను మొదట చూసేది ఒక్కటే: ఇప్పుడు కొట్టాలా, ఆగాలా అనే నిర్ణయాన్ని ఆట మన చేత చేయిస్తోందా, లేక మన వేలిని మాత్రమే కదిలిస్తోందా? బొమ్మలు, కథ, సంగీతం అన్నీ ఆ తరువాతే.

ఈ కొలతతో చూస్తే మురామసా చాలా మెట్లు పైన నిలుస్తుంది. ఇందులో మీరు ఒకేసారి మూడు కత్తులు వెంట తీసుకువెళ్తారు. వాటిలో కొన్ని తేలికైనవి, వేగంగా తిరిగేవి. మరికొన్ని పొడవైనవి, బరువైనవి, నెమ్మదిగా కదిలినా గట్టి దెబ్బ తీసేవి. ప్రతి కత్తికీ కొంత శక్తి ఉంటుంది. శత్రువు దెబ్బను దానితో అడ్డుకున్నా, ఆ కత్తికే ప్రత్యేకమైన రహస్య విద్యను ప్రయోగించినా ఆ శక్తి తరుగుతుంది, పూర్తిగా అయిపోయిన క్షణాన కత్తి విరిగిపోతుంది. విరిగిన దానిని ఒరలో పెట్టి మరొకటి దూయాలి. ఒరలో ఉన్నంతసేపూ అది మెల్లగా కోలుకుంటుంది. ఒరలోని కత్తి మెరిసినప్పుడు దూస్తే తెర మీద ఉన్న శత్రువులందరికీ ఒకేసారి దెబ్బ తగులుతుంది. అంటే ఏ కత్తిని ఎంతవరకు వాడాలి, ఏ క్షణంలో మార్చాలి, మెరుపు దెబ్బను ఇప్పుడే వాడాలా లేక బాస్ (చివర్లో ఎదురయ్యే పెద్ద శత్రువు) దగ్గరికి వెళ్ళేవరకు దాచుకోవాలా అనే లెక్క తలలో నడుస్తూనే ఉంటుంది. మీకు నచ్చింది బహుశా ఈ లెక్కే. మీ స్నేహితులను కఠిన స్థాయిలో ఒక్క బాస్‌తో తలపడమనండి. అక్కడ బటన్ ఊరికే నొక్కేవారి కత్తులు మూడూ వరుసగా విరిగి, చేతిలో ఏమీ లేని స్థితికి వస్తారు. ఆట పూర్తి చేసిన తరువాత తెరుచుకునే మరో స్థాయి ఉంది. అందులో ఒక్క దెబ్బ తగిలితే చాలు, ప్రాణం పోతుంది. ఆ స్థాయిలో ఆడగలిగేలా పోరును తీర్చిదిద్దారంటే, శత్రువు వేసే ప్రతి దెబ్బకూ ముందుగా కనిపించే గుర్తు ఉందని, దానిని చూసి తప్పించుకునే వీలు ఉందని అర్థం. ఇది ఏ ఆటలోనైనా చాలా పెద్ద గుణం.

ఇక బొమ్మల విషయం. దీనిని చేసిన వనిల్లావేర్ ఒసాకాలోని చిన్న సంస్థ. ఆట మొదట 2009లో నింటెండో సంస్థ గేమ్ యంత్రం 'వీ' (Wii) కోసం వచ్చింది, 2013లో వీటాకు వచ్చింది. మూడు కొలతల బొమ్మలు రాజ్యమేలుతున్న రోజుల్లో కూడా వీరు చేత్తో గీసిన చదును బొమ్మలనే నమ్ముకున్నారు. మనిషిని తల, భుజం, మోచేయి, కొంగు అంటూ విడివిడిగా గీసి, కీళ్ల దగ్గర కలిపి కదిలించడం వారి పద్ధతి. మన నిమ్మలకుంట తోలుబొమ్మను దగ్గరగా చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: పక్కవాటుగా నిలిచిన ఆకారం, విడిగా ఆడే చేతులు, వెలుగు పడగానే లేచివచ్చే రంగులు. మొదటి తరం వీటాలోని ఐదు అంగుళాల ఓఎల్ఈడీ తెర మీద వరి చేలు, పున్నమి రాత్రులు, అలలు కనిపించే తీరు నిజంగా కన్నుల పండుగ. 'వీ'లో 480 గీతల స్పష్టతతో కనిపించిన బొమ్మ ఇక్కడ 960×544 చుక్కలతో వస్తుంది కాబట్టి గీత మరింత తేటగా ఉంటుంది. హితోషి సకిమోతో స్థాపించిన బేసిస్కేప్ సంస్థ సంగీతాన్ని సమకూర్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి, వీటా స్పీకర్లు దానికి న్యాయం చేయలేవు.

చేతిలో పట్టుకుని ఆడే ఆటకు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: పది నిమిషాలు దొరికితే ఆ పది నిమిషాల్లో ఏదైనా పూర్తవుతుందా? మురామసాలో దారి తెరలు తెరలుగా విడిపోయి ఉంటుంది, ఒక్కో పోరు ఒకటి రెండు నిమిషాల్లో తేలిపోతుంది, వెంటనే ఫలితం చూపిస్తుంది. అనంతపురం నుంచి కర్నూలుకు బస్సులో వెళ్తూ హాయిగా ఆడుకోవచ్చు. కిటికీ పక్క సీటు మాత్రం వద్దు, మన ఎండలో ఆ తెర మీద ఏమీ కనిపించదు.

లోపాలు లేవని కాదు. ఒకే వెదురు తోట, ఒకే కొండదారి మళ్ళీ మళ్ళీ ఎదురవుతాయి. బాస్‌ను ఓడించిన తరువాత ఖాళీ దారుల్లో వెనక్కి నడవడం విసుగు పుట్టిస్తుంది. పాత్రల స్థాయి పెరిగే పద్ధతి ఉండటం వల్ల, చేతకానిచోట కాసేపు చిన్న శత్రువులను నరికి బలం పెంచుకుంటే నైపుణ్యం లేకున్నా గెలవవచ్చు. ఇది నేను మొదట చెప్పిన గుణాన్ని కొంత పలచన చేస్తుంది. కథ కూడా అందరికీ అందదు. కత్తివీరుడి ఆత్మ ఆవహించిన రాకుమారి మొమోహిమే, గతం మరచిపోయిన నింజా కిసుకే అనే ఇద్దరి ప్రయాణాలు విడివిడిగా సాగుతాయి; మాటలన్నీ జపనీస్‌లో, కింద ఇంగ్లిష్ అనువాదంతో వస్తాయి, పేర్లు గుర్తుంచుకోవడానికే సగం ఓపిక పోతుంది. అయినా మొత్తం 108 కత్తులు ఉండటం, చివరి పోరులో ధరించిన కత్తిని బట్టి ముగింపు మారడం వల్ల రెండోసారి ఆడటానికి నిజమైన కారణం దొరుకుతుంది.

పాత జపాన్ ఛాయలున్న మరో ఆటతో పోల్చి చూస్తే తేడా ఇంకా స్పష్టమవుతుంది. వీటాకు ముందు సోనీ తెచ్చిన చేతి గేమ్ యంత్రం పీఎస్‌పీకి కోయీ సంస్థ తెచ్చిన 'సమురాయ్ వారియర్స్: స్టేట్ ఆఫ్ వార్'లో యుద్ధభూమిని గడులుగా విడదీసి, ఒక్కో గడిలోకి వెళ్ళి వందల మంది సైనికులను చెదరగొట్టమంటారు. ఏ గడిలోకి ముందు వెళ్ళాలన్న ఆలోచన అక్కడ బాగుంటుంది. గడిలోకి దిగిన తరువాత మాత్రం సైనికులు చాలావరకు నిలబడి దెబ్బలు తింటారు. మీ స్నేహితుల విమర్శ మీ ఆటకన్నా దానికే ఎక్కువగా తగులుతుంది.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి మురామసా ఆడుతూ, దీని వల్ల జపాన్ భూస్వామ్య చరిత్ర తెలుస్తుందని వాదిస్తున్నాడు. వాడి మాట ఎంతవరకు నమ్మవచ్చు? ఆడనివ్వవచ్చా?
– ఉపాధ్యాయిని, కడప

జవాబు: అమ్మా, ఆట జరిగే కాలం గెన్రోకు, అంటే 1688 నుంచి 1704 వరకు. గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది 1687లో కాబట్టి, మన రాయలసీమ మొఘలుల పాలనలోకి జారుతున్న రోజులవే. ఈ పోలికను మీ అబ్బాయికి చెప్పండి, కాలం మనసులో నాటుకుంటుంది. అప్పుడు జపాన్‌ను ఏలుతున్నది తొకుగవా వంశంలో ఐదవ షోగన్ (సైనిక పాలకుడు) త్సునయోషి.

చరిత్రలోని అసలు విశేషం ఆటలో తలకిందులుగా ఉంది. 1615లో ఒసాకా కోట పతనం, 1637–38లో షిమబరా తిరుగుబాటు తరువాత ఆ దేశంలో పెద్ద యుద్ధాలే లేవు. గెన్రోకు నాటి సమురాయ్‌లలో చాలామంది జీతం తీసుకునే ఉద్యోగుల వంటివారు. కబుకీ నాటకం, బొమ్మల ముద్రణ, వర్తకుల సంపద వర్ధిల్లిన కాలమది. యజమాని కోసం పగ తీర్చుకున్న 47 మంది రోనిన్‌ల (యజమాని లేని సమురాయ్‌ల) ఉదంతం 1701–1703లో జరిగి అంత సంచలనం కావడానికి ఒక కారణం, అటువంటి కత్తిపోరు అప్పటికి అరుదైపోవడమే. మరి ఆటలో అడుగడుగునా జరిగే పోరాటం ఎక్కడిది? జానపద కథల నుంచి, నాటకాల నుంచి వచ్చింది. దయ్యాలు, రాక్షసులు, కొండల్లో తిరిగే ముక్కుపొడుగు తెంగులు, వీటన్నిటినీ మీ అబ్బాయి కథలుగానే తీసుకోవాలి.

అయితే ఒక అంశంలో ఆట గట్టి పునాది మీద నిలబడింది. మురామసా నిజంగా ఉన్న కమ్మరి పేరు. 16వ శతాబ్దం నాటికి ఇసే రాష్ట్రంలోని కువానా ప్రాంతంలో ఆ పేరుతో కత్తులు చేసిన కుటుంబం పేరుపొందింది. తొకుగవా వంశపు తొలి షోగన్ ఇయెయాసు తాత కియోయాసును 1535లో సొంత అనుచరుడే చంపాడు. ఆ కత్తి మురామసాదేనని చెప్పుకుంటారు. అలాంటి సంఘటనలు మరికొన్ని కలిసి, ఆ కత్తులు తొకుగవాలకు అరిష్టమనే నమ్మకం పుట్టింది. ఆటలోని శాపగ్రస్తమైన కత్తుల ఊహంతా అక్కడిదే. దారి పక్కన కూర్చుని నూడుల్స్, డాంగో (బియ్యప్పిండి ఉండలు) తినే అంగళ్ళు కూడా గాలిలోంచి వచ్చినవి కావు. ఎడో (నేటి టోక్యో), క్యోతో నగరాల మధ్య తొకాయిదో రహదారి మీద 53 మజిలీలు ఉండేవి, ప్రయాణికుల వల్లే అక్కడి వ్యాపారం బతికేది.

అక్కడి డైమ్యోలను, అంటే ప్రాంతాలను ఏలిన భూస్వామ్య ప్రభువులను, మన పాలెగాళ్ళతో పోల్చి బోధించాలనుకుంటే ఒక తేడాను మరువకండి. 1635 నుంచి షోగన్ తన డైమ్యోలను ఏడాది విడిచి ఏడాది ఎడోలో కాపురం ఉండేలా కట్టడి చేశాడు, భార్యాబిడ్డలను శాశ్వతంగా అక్కడే ఉంచాడు. మన సీమ పాలెగాళ్ళ మీద అటువంటి పట్టు ఏ ప్రభువుకూ చాలాకాలం చిక్కలేదు; 1800లో దత్తమండలాలు కంపెనీకి వచ్చిన తరువాత థామస్ మన్రో వారి బలాన్ని అణచివేయవలసి వచ్చింది. మీ తరగతిలో దీనిపై మంచి చర్చ నడుస్తుంది.

ఆడనివ్వడం గురించి అడిగారు. అమెరికాలో దీనికి టీన్ శ్రేణి ఇచ్చారు, అంటే 13 ఏళ్ళు దాటినవారికి. కత్తిపోటు, రక్తం ఉన్నాయి, కానీ బొమ్మల తరహాలో ఉన్నాయి. ఆడపాత్రలను చూపిన తీరులో, వేడినీటి బుగ్గల్లో స్నానం చేసే దృశ్యాల్లో కొంత కొంటెతనం ఉంది. అది నాకు నచ్చలేదు. ఒకసారి అబ్బాయి పక్కన కూర్చుని మీరే చూసి నిర్ణయించండి. పరీక్షల సమయంలో మాత్రం కార్డు మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రశ్న: ఈ ఆట కోసం పాత వీటా కొనాలనుకుంటున్నాను. ఏం చూసుకోవాలి?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: సోనీ 2019లో వీటా తయారీని ఆపివేసింది కాబట్టి ఇప్పుడు దొరికేవన్నీ దాదాపు వాడినవే. మొదటి తరం వీటా తెర ఓఎల్ఈడీ, రంగులు గొప్పగా ఉంటాయి, కానీ ఛార్జింగ్ వైరు దానికే ప్రత్యేకమైనది. రెండో తరంలో ఎల్‌సీడీ తెర, మామూలు మైక్రో యూఎస్‌బీ వైరు, కొంచెం ఎక్కువ సేపు నిలిచే బ్యాటరీ ఉంటాయి. ఈ ఆట కోసమే కొంటున్నారు కాబట్టి నా మొగ్గు మొదటిదాని వైపే, వైరు కూడా ఇస్తేనే. చీకటి గదిలో తెరను నల్లగా, ఆపైన బూడిద రంగులో చూసి మచ్చలున్నాయేమో పరీక్షించండి. రెండు స్టిక్‌లనూ వదిలేసి బొమ్మ దానంతటదే కదులుతోందేమో చూడండి. మెమరీ కార్డు సోనీ సొంత రకం, బయటి కార్డు పట్టదు, విడిగా కొంటే ఖరీదెక్కువ. అందుకని కార్డుతో కలిపి అమ్మేవారి దగ్గరే బేరమాడండి.

ఆట కార్డు ఏ దేశానిదైనా వీటాలో నడుస్తుంది. చిక్కు అదనపు కథల దగ్గర వస్తుంది. 'గెన్రోకు లెజెండ్స్' పేరుతో నాలుగు చిన్న కథలు విడిగా వచ్చాయి. పిల్లి దయ్యం, తిరుగుబాటు చేసే రైతు, నింజా, రాక్షస కన్య ఒక్కొక్క కథకు నాయకులు. నా అభిప్రాయంలో అసలు ఆటకన్నా వాటిలోనే పోరు వైవిధ్యంగా ఉంది, ముఖ్యంగా ఆ రైతు కథలో. వాటిని ఆన్‌లైన్ స్టోర్‌లోనే కొనాలి, మీ ఖాతా దేశం, ఆట కార్డు దేశం ఒకటే అయి ఉండాలి. వీటా స్టోర్‌ను మూసివేస్తామని సోనీ 2021లో ప్రకటించి, తరువాత ఆ మాటను వెనక్కి తీసుకుంది. కాబట్టి ముందు కార్డు ఏ దేశానిదో అడగండి, ఆ దేశపు ఖాతాతో ఆ కథలు కొనే వీలుందో చూసుకోండి, ఆ తరువాతే డబ్బు ఇవ్వండి.