తమ్ముడూ, తలుచుకోవడానికి సిగ్గెందుకు?

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. వరండాలో కుర్చీ వేసుకుని గంటలకొద్దీ పాత రోజుల్లో ఉండిపోతున్నాననీ, మరదలు రెండుసార్లు పిలిస్తే గానీ పలకడం లేదనీ, డెబ్బై ఏళ్ళకి ఇదేం బుద్ధని సిగ్గుగా ఉందనీ రాశావు. సిగ్గుపడకు. నీకంటే ఏడేళ్ళు పెద్దదాన్ని, ఈ దారిన ముందే వచ్చినదాన్ని.

మీ బావ పోయిన ఏడాది నేనూ అంతే. భోజనం అవగానే మంచం మీద వాలి, కొవ్వూరు రేవులో లాంచీ ఎక్కే పిల్లనైపోయేదాన్ని. లేచేసరికి మనసంతా చేదు. ఆ చేదంతా కోడలి మీద పోసేదాన్ని. "మా రోజుల్లో" అని మొదలుపెట్టగానే ఆ పిల్ల మొహం ఎలా చిన్నబోయేదో ఇప్పటికీ నా కళ్ళముందుంది. అప్పటి రోజుల్ని తెచ్చి ఇప్పటివాళ్ళతో తూచడమే నేను చేసిన తప్పు. ఆ పని నువ్వు చెయ్యకు.

ఇంకోటి. "ఆ రోజులే వేరు" అని మొత్తంగా తలుచుకుంటే దిగులే మిగులుతుంది. ఏదో ఒక్కటి పట్టుకో, దాని చివరిదాకా వెళ్ళు. నేను సైకిల్ పట్టుకుంటాను. 1967 పుష్కరాలు వెళ్ళాక వచ్చిన చలికాలం, నాకు 19, నీకు 12. నాన్న నిద్రపోయాక ఆయన సైకిల్ చప్పుడు కాకుండా వాకిట్లోంచి దింపి, వెన్నెల్లో కాలవగట్టు మీదకి తీసుకెళ్ళేవాళ్ళం. నువ్వు సీటు పట్టుకుని పరిగెత్తేవాడివి, నేను కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. ఒకరోజు పరికిణీ అంచు చైనులో పడి నలిగింది. మర్నాడు పెరట్లో కూర్చుని ఆ మరకను కిరసనాయిలుతో రుద్దాను. మరక పోలేదు, వాసన మాత్రం రెండు రోజులుంది. అమ్మకి ఆ వాసన తెలియకుండా ఉంటుందా? తెలిసే ఊరుకుంది. ఈ సంగతి నాకు డెబ్బై దాటాక తట్టింది. ఆ మధ్యాహ్నం ఎంతసేపు ఏడ్చానో, ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

మనవరాలు సైకాలజీ చదువుతోంది. 1963లోనే రాబర్ట్ బట్లర్ అనే అమెరికా డాక్టరు, పెద్దవాళ్ళు గతం తలుచుకోవడం చాదస్తం కాదు, బతికిన బతుకును తిరిగి చూసుకోవడమేనని రాశాడట. పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళ లోపు జరిగినవే వయసు మళ్ళాక ఎక్కువగా గుర్తొస్తాయని కూడా చెప్పింది. కాబట్టి నీ ఒక్కడికే వచ్చిందేమీ కాదు. పాతవన్నీ గుర్తుండి పొద్దున తిన్నది మాత్రం మరిచిపోతుంటే డాక్టరుకు చూపించుకో, ఆలస్యం చెయ్యకు.

ఆ అమ్మాయి సంగతి రాశావు. 1974లో గోదారి మీద రోడ్డు వంతెన వచ్చాక నువ్వు రాజమండ్రి కాలేజీకి బస్సులో వెళ్ళిన రోజుల నాటి మాట. కిటికీ పక్కన కూర్చున్న ఆమె జడ, గోదారి గాలి తలుచుకుంటే మరదలికి ద్రోహం చేసినట్టుందన్నావు. ఆ గాలికి ఒళ్ళు పులకరించిన కుర్రాడు కూడా నువ్వే కదా, వాణ్ణి ఎందుకు వెళ్ళగొట్టుకుంటావు? తలుచుకో. కానీ ఆమె ఎక్కడుందో ఫేస్‌బుక్‌లో వెతక్కు. ఆమెకి ఆమె సంసారం ఉంటుంది.

అన్నట్టు, మరదలికీ ఒకప్పుడు పద్దెనిమిదేళ్ళు ఉండేవి కదా! పెళ్ళికి ముందు తనకేం ఇష్టమో ఎప్పుడైనా అడిగావా? మీ బావని నేను అడగనే లేదు. ఇప్పుడు అడుగుదామన్నా మనిషి లేడు. సాయంత్రం కాఫీ తాగేటప్పుడు అడుగు. తను చెబుతుంటే మధ్యలో నీ కథ ఎత్తకు.

నాకొకటి తేల్చి చెప్పు. నన్ను కాలేజీలో చేర్చడానికి నాన్న మనిద్దరినీ లాంచీలో తీసుకెళ్ళిన రోజు, తమలపాకుల కట్ట ఒళ్ళో పెట్టుకుని మన పక్కన కూర్చున్నదెవరు? నేను అత్తయ్య అనుకుంటున్నాను, కానీ ఆ చేతికి ఎర్ర గాజులు గుర్తొస్తున్నాయి. అత్తయ్య ఎర్ర గాజులు వేసుకునేది కాదు. నీకేమైనా గుర్తుంటే వెంటనే రాయి.

మీ అక్క